ఖాళీ గది చప్పుడు

గ్యాలరీ ఆవిడ ఫోన్ చేసేసరికి నేనొక హీరోగారి ఊపిరి కోస్తున్నాను. అది నా ఉద్యోగం. సినిమావాళ్లు, ప్రకటనలవాళ్లు మాటలు రికార్డు చేసి పంపిస్తే, ఆ మాటల మధ్య వాళ్లు పీల్చే గాలి, మింగే గుటకలు, కుర్చీ కిర్రుమనడం, పక్కవీధి హారన్లు అన్నీ ఏరి పారేస్తాను. బియ్యంలో రాళ్లేరడమే అనుకోండి, కాకపోతే నా రాళ్లు కంటికి కనపడవు. స్టూడియోలో నన్నందరూ కత్తెర అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి చూస్తాను.

"మీ నాన్నగారు ఇవాళ కూడా వచ్చేశారండీ," అంది గ్యాలరీ ఆవిడ. "తలుపులు తియ్యకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మాకేం ఇబ్బంది లేదు, ఆయన ఎవరికీ అడ్డం కాదు. కానీ ఏమీ తినట్లేదు. మా కాపలా అతను బిస్కెట్ ప్యాకెట్ ఇస్తే జేబులో వేసుకున్నారట. మర్నాడు అదే ప్యాకెట్ మళ్లీ అతని చేతిలో పెట్టి 'తిను తమ్ముడూ' అన్నారట."

"సాయంత్రం వచ్చి తీసుకెళ్తానండీ."

"మొన్న కూడా అలాగే అన్నారు," అంది నెమ్మదిగా. దెప్పడం కాదు, నిజమే. మొన్న వెళ్లాను. నాన్న రానన్నాడు.

ఆ గ్యాలరీలో జరుగుతున్న ప్రదర్శన మా అమ్మది. అమ్మ చిత్రకారిణి, పోయిన చలికాలంలో చనిపోయింది. ఆవిడ బొమ్మ ఎదురుగా నిలబడి 'బొమ్మ ఏదీ?' అని అడగనివాళ్లు తక్కువ. నేనైతే చిన్నతనమంతా అదే అడిగాను. నల్ల సిరాని నీళ్లలో కలిపి, కలిపి, అది రంగో మురికో తెలియనంత పలచన చేసి కాగితం మీద ఒక పూత పూసేది. ఆరేదాకా దానికెదురుగా కూర్చునేది. మళ్లీ ఒక పూత. నెలల తరబడి అంతే. చివరికి కాగితం నిండా తెల్లవారబోయే ముందుండే బూడిదరంగు మిగిలేది. పెళ్లికి ముందు ఎక్కడో కొండ మీద ఒక ముసలి భిక్షువు దగ్గర నేర్చుకుందట ఈ విద్య. వస్తువు నీది కాకుండా పోయేదాకా చూడు, తర్వాత చూసేవాడు కూడా లేకుండా పోయేదాకా చూడు, అప్పుడు కుంచె ముంచు అనేవాడట ఆయన. అంతసేపు చూస్తే ఎవరికైనా కళ్లు తిరిగి అన్నీ మాయమవుతాయి, దానికి భిక్షువెందుకు అనేదాన్ని నేను. అమ్మ నవ్వేది. ఆవిడ అలా నవ్వి ఊరుకుంటే నాకు ఒళ్లు మండేది.

మా ఇంట్లో వెనక గది ఆవిడది. తెల్లవారకముందే లోపలికెళ్లి తలుపు వేసుకునేది. ఇల్లు తగలబడినా తట్టకూడదు. నాన్న సిటీ బస్సు డ్రైవరు, ఎప్పుడూ పొద్దుటి డ్యూటీయే. యూనిఫాం వేసుకుని, బూట్లు తొడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని ఆ తలుపు బయట స్టూలు మీద కూర్చునేవాడు. ఒక కాలు పొట్టి స్టూలు అది, మనిషి కదిలితే కిర్రుమంటుంది. అమ్మ బయటికొస్తే ఒక మాట మాట్లాడి వెళ్లాలని ఆయన ఆశ. ఒక్కోరోజు వచ్చేది. చాలా రోజులు వచ్చేది కాదు. టీ అయ్యాక గ్లాసు కడిగి బోర్లించి, చప్పుడు కాకుండా వెళ్లిపోయేవాడు.

రిటైరయ్యాక కూడా బూట్లు వేసుకునే అక్కడ కూర్చున్నాడు. "ఎక్కడికి నాన్నా ఈ ముస్తాబు?" అంటే, "ఎక్కడికీ లేదు అమ్మడూ. పిలిస్తే వెంటనే వెళ్లాలిగా," అనేవాడు. పిలవాల్సింది అమ్మ, వెళ్లాల్సింది ఆ గదిలోకి. ఆవిడ ఒక్కసారీ పిలవలేదు. ఆ తలుపంటే నాకు అసహ్యం. ఆయన పడాల్సిన కోపం కూడా నేనే పడ్డాను, ఆయనకి కోప్పడటం రాదు కాబట్టి.

జబ్బు బయటపడ్డాక అమ్మ ఆఖరి ప్రదర్శనకి పని మొదలుపెట్టింది. ఒకే గది, గోడలకి కాగితాలు, గదంతా ఒక చప్పుడు. ఆ చప్పుడు కోసం నన్ను రికార్డర్ అడిగింది. నాకు బుద్ధి తెలిశాక ఆవిడ నన్నొకటి అడగడం అదే మొదలు.

"ఏం రికార్డు చేస్తావు?" అన్నాను.

"గదిని," అంది.

మా పనిలో ఒక ఆనవాయితీ ఉంది. ఎక్కడ రికార్డింగ్ జరిగినా, అంతా అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఊరికే ఆ గదిని కాసేపు రికార్డు చేస్తాం. గది చప్పుడు అంటాం దాన్ని. మాటల మధ్య నేను కోసేసిన చోట ఉత్త నిశ్శబ్దం పెడితే, వినేవాడి చెవి గుంటలో పడ్డట్టవుతుంది. అందుకని ఆ గుంటల్లో ఖాళీ గది చప్పుడు పోసి పూడుస్తాం. ఏ గది ఖాళీ ఆ గదిదే, ఒకదాని బదులు ఇంకొకటి అతకదు. ఇదంతా చెప్తుంటే అమ్మ మొహం వెలిగింది. "అయితే మీరూ ఖాళీని దాచుకుంటారన్నమాట," అంది. నా ఉద్యోగం ఆవిడకి నచ్చడం కూడా అదే మొదలు.

ఆఖరి రోజుల్లో రికార్డర్ నా చేతిలో పెట్టి, "ఏమీ తీసెయ్యకు. నీ చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. ఉన్నదున్నట్టు ఉండనీ," అంది.

ఆవిడ పోయాక విన్నాను. ఖాళీ గది. దూరంగా ఏదో బండి. ఆ అడుగున, వినపడీ వినపడనట్టు, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. నా చెయ్యి అలవాటుగా కత్తెర వైపు వెళ్లింది. అమ్మ ఊపిరి అనుకుని ఆపుకున్నాను. ఉన్నదున్నట్టే గ్యాలరీకి ఇచ్చేశాను.

సాయంత్రం నేను వెళ్లేసరికి కాపలా అతను గది బయట నిలబడి ఉన్నాడు.

"లోపల కుర్చీ ఉందిగా అన్నా," అన్నాను.

"పెద్దాయన ఉన్నంతసేపు పరవాలేదమ్మా. ఆయన మొహం కడుక్కోడానికి వెళ్లి నేనొక్కణ్ణే ఉంటేనే..." అని ఆగాడు. "గదిలో ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా లేరనిపించదు. మొన్న మూసేటప్పుడు మిషన్ కట్టేశాను. చప్పుడు ఆగింది. అప్పుడేసింది చూడండి భయం. ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది."

అది కిటికీల్లేని గది. మసక దీపాల కింద మనిషంత ఎత్తు కాగితాలు వరసగా వేలాడుతున్నాయి. ప్రతిదాంట్లోనూ అదే బూడిదరంగు పొగమంచు. అడుగున మాత్రం అడ్డంగా ఒక సన్నటి తెల్లగీత, ఆ గీతని రెండు చోట్ల తెంచుతూ రెండు నల్లటి మచ్చలు. గ్యాలరీ ఆవిడ కరపత్రంలో ఆ మచ్చల గురించి పెద్ద పేరా రాసింది. ఒకటి ఉనికి అట, ఒకటి లేమి అట, రెంటి నడుమ పారే వెలుగు మనసట. నేనేమంటాను, నాకు తెలిసింది చెవుల సంగతి.

నాన్న గది మధ్యనున్న బల్ల చివర ముడుచుకుని కూర్చున్నాడు. చొక్కా కాలరు మెడకి వదులైపోయింది.

"నాన్నా, పద ఇంటికి."

"ష్. కూర్చో."

కూర్చున్నాను. స్టూడియోలో ఎన్నోసార్లు విన్న చప్పుడే. అయినా అక్కడ, ఆ బూడిదరంగులో, ఆ ఊపిరి గోడల్లోంచి వస్తుంటే మెడ మీద వెంట్రుకలు లేచాయి. పక్కన ఎవరో ఉన్నారని ఒళ్లు చెప్తుంది, లేరని కళ్లు చెప్తాయి. ఎవరి మాట వినాలో తెలియదు.

"వింటున్నావా? మీ అమ్మే," అన్నాడు నాన్న. "ఇన్నేళ్లు ఒకింట్లో ఉన్నాం. ఒక్కరోజూ ఆ గదిలోకి రానివ్వలేదు. ఇప్పుడు చూడు, టికెట్ కూడా అడక్కుండా రానిచ్చింది."

నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

"ఆదివారంతో అయిపోతుంది నాన్నా. అన్నీ తీసేస్తారు."

"తెలుసు."

జేబులోంచి గుండె మాత్రల డబ్బా తీసి నా ఒళ్లో పెట్టాడు. నేను పోసిచ్చింది పోసిచ్చినట్టే ఉంది, ఒక్కటీ మింగలేదు. "ఇవి నువ్వుంచు," అన్నాడు. "ఆదివారం దాకా ఇవి లేకుండానే గడుస్తుంది. ఆదివారం తర్వాత వీటితో పనేముంది?" డ్యూటీ మారుతోందని చెప్పినట్టు మామూలుగా అన్నాడు. నేను తిట్టాను, బతిమాలాను, చివరికి చెయ్యి పట్టి లాగాను. వయసులో ఎంత బరువు బస్సు తిప్పిన చేతులో గాని, అంగుళం కదల్లేదు. గది మూసేదాకా ఉండి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు ఆ చప్పుడంతా ఫోన్లో వేసి ఇచ్చాను. కాసేపు చెవికి పెట్టుకుని తిరిగిచ్చేశాడు. "ఇందులో చప్పుడుంది. మీ అమ్మ లేదు," అన్నాడు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఆ చప్పుడులోంచి ఊపిరి ఒక్కదాన్నే విడిగా తీసి, పెద్దది చేసి, ఇంట్లో వెనక గదిలో స్పీకర్లు పెట్టి వినిపిస్తే నాన్న ఇంట్లో ఉంటాడు. ఇంట్లో ఉంటే తింటాడు, మాత్రలు నేను మింగిస్తాను.

"అంటే దెయ్యాన్ని ఇల్లు మారుస్తావన్నమాట," అన్నాడు మా ఆయన.

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలి."

"తీశాక రెండు ముళ్లూ పారేస్తారు. నువ్వు ఒకటి ఇంట్లో పెట్టుకుంటానంటున్నావు."

ఆయన మాట నేను వినలేదు. శనివారం సెలవైనా స్టూడియోకి వెళ్లాను. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, ఊపిరి ఉంచి మిగతాదంతా కోసే పని.

బండ్ల చప్పుడు తీసేశాను. కరెంటు దీపం గుయ్యిమనడం తీసేశాను. ఏదో సన్నగా గీసుకుంటున్న చప్పుడుంటే అదీ తీసేశాను. ఊపిరి పైకి తేలింది. కానీ మూగగా ఉంది, దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టు. రికార్డర్ తన మోకాలి పక్కనే పెట్టుకున్నానని అమ్మ చెప్పింది. అంత దగ్గర మనిషి ఊపిరి ఇంత మూగగా ఉండకూడదు. మధ్యలో చెక్క అడ్డముంటే ఇలా అవుతుంది. చెక్క సన్నటి చప్పుళ్లన్నీ మింగేసి బరువువి మాత్రమే వదులుతుంది. అయితే ఆ మింగినవాటిలో ఏమైనా మిగిలిందేమోనని సన్నటివి మాత్రం బాగా పెంచి విన్నాను. పీల్చడం. వదలడం. వదలడం చివర్లో సన్నటి ఈల.

హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద పడేశాను.

ఆ ఈల నాకు తెలుసు. నా చిన్నప్పుడు ఒకసారి నాన్న బస్సుకి బ్రేకులు పోయాయి. జనానికేం కాలేదు గాని, స్టీరింగుకి కొట్టుకుని నాన్న ముక్కు వంకరపోయింది. అప్పట్నుంచి ఆయన ఊపిరి వదిలితే చివర్లో ఈల వేస్తుంది. ఇంట్లో ఏ మూల ఉన్నాడో దాన్నిబట్టే చెప్పేవాళ్లం. మళ్లీ పెట్టుకుని విన్నాను. ఈల. కాసేపటికి కిర్రు. పొట్టికాలి స్టూలు.

గ్యాలరీ గదిలో తిరుగుతున్న దెయ్యం మా నాన్న. తలుపు బయట కూర్చున్న తన ఊపిరినే వింటూ, అది పెళ్లాం ఊపిరనుకుంటూ, దాని కోసం తిండి మానేసి చావడానికి సిద్ధపడ్డాడు. ఎవరి ఊపిరి వాళ్లకి తెలియదు. నాకు తెలియాల్సింది. ఊపిర్లు కోసి బతికేదాన్ని.

మరి అమ్మ ఏదీ? ఆవిడ పక్కన పడుకున్నా ఊపిరి వినపడేది కాదు. కొండ మీద అంత సాధన చేసి వచ్చిన మనిషి. నేను కోసి పారేసిన చెత్తలో వెతకడం మొదలుపెట్టాను. బండ్లు, దీపం, అన్నీ పక్కన పెట్టాక ఆ గీసుకుంటున్న చప్పుడు మిగిలింది. ఇది దగ్గరది, రికార్డర్ పక్కదే, స్పష్టంగా ఉంది. తడి కుంచె కాగితం మీద నడుస్తున్న చప్పుడు. ఒకసారి నడిచి ఆగుతుంది. మళ్లీ నడుస్తుంది. ఆ ఆగడంలో ఏదో లెక్కున్నట్టనిపించి, దాన్ని నాన్న ఊపిరి పక్కన పెట్టి రెండూ కలిపి విన్నాను. విన్నది నిజమేనా అని మొదట్నుంచి మళ్లీ విన్నాను.

అక్కణ్ణుంచి తిన్నగా అమ్మానాన్నల ఇంటికి వెళ్లాను. నాన్న గ్యాలరీలో ఉన్నాడు. హాల్లో దీపం ఆర్పకుండానే పోయాడు, ఈమధ్య అన్నీ అలాగే వదిలేస్తున్నాడు. అమ్మ పోయాక వెనక గది తలుపు ఎవరూ తియ్యలేదు. తీస్తే సిరా వాసన, చల్లటి గాలి. కిటికీకి మందపాటి తెర. ఆవిడ చాప, దాని ముందు పీట, కుంచెలు, ఎండిపోయిన నీళ్లగిన్నె అన్నీ తలుపుకి ఎదురుగా ఉన్నాయి. ఆవిడ ఎప్పుడూ కిటికీవైపు తిరిగి కూర్చునేదనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలియదు, చూసిందెవరు కనక.

తలుపు వేసి, ఆవిడ చాప మీద కూర్చున్నాను. గది చీకటైపోయింది. తలుపు అడుగున సందులోంచి హాల్లో వెలుగు సన్నగీతలా పడుతోంది. ఆ గీతలో రెండు నల్లటి పాదాలు.

"ఎవరూ?" అన్నాను.

ఊపిరి బిగబట్టాను. గది చప్పుడు పట్టేటప్పుడు మేమందరం అలాగే బిగబడతాం. ఆ పాదాలు కదల్లేదు, నేను కదల్లేదు. ఇంట్లో ఎవరూ లేరని తెలుసు, తాళం నేనే తీశాను. ఆఖరికి పాక్కుంటూ వెళ్లి తలుపు లాగాను. స్టూలు ముందు నాన్న డ్యూటీ బూట్లు ఉన్నాయి. అమ్మ పోయిన రోజు అక్కడే విప్పి, మళ్లీ తొడుక్కోలేదు.

తలుపు మళ్లీ వేసి, మళ్లీ చాప మీద కూర్చున్నాను. బూడిదరంగు చీకటి, అడుగున తెల్లగీత, రెండు నల్లమచ్చలు. గ్యాలరీ గోడకి వేలాడుతున్న బొమ్మలన్నీ ఇదే బొమ్మ.

ఆ రాత్రి మా ఆయనతో అంతా చెప్పాను. నిజం చెప్తే నాన్నకి ఆ గదిలో ఉన్న భార్య పోతుంది. చెప్పకపోతే ఆదివారంతో నాన్నే పోతాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి. "నీ దగ్గర ఊపిరొకటే లేదుగా," అన్నాడాయన. "కుంచె కూడా ఉంది. రెండూ కలిపి చెప్పు."

ఆదివారం మధ్యాహ్నం నాన్న పక్కన బల్ల మీద కూర్చుని చెప్పాను. నాన్నా, అది అమ్మ ఊపిరి కాదు, నీది.

"నీకేం తెలుసు?" అన్నాడు. నా జీవితంలో ఆయన గొంతు పెంచడం విన్నది అప్పుడే. "మొగుణ్ణి, నాకు తెలియదా నా పెళ్లాం ఊపిరి?"

హెడ్‌ఫోన్లు ఆయన చెవులకి పెట్టి, ఈల వినిపించాను. విన్నాడు. కాసేపటికి ఆయన చెయ్యి దానంతటది లేచి వంకర ముక్కుని తాకింది. ఇంకాసేపటికి స్టూలు కిర్రుమన్నది విన్నాడు కాబోలు, కళ్లు మూసుకున్నాడు. మొహంలోంచి ఏదో కిందికి జారిపోవడం నేను చూశాను. పొరపాటు చేశాను, చంపేశాను అనుకున్నాను.

"అయితే లేదన్నమాట," అన్నాడు. "ఇక్కడ కూడా లేదు."

"ఉంది నాన్నా. నువ్వు ఊపిరి వదిలేచోట విను. దగ్గరగా ఇంకో చప్పుడుంది."

"ఏదో గీస్తున్నట్టుంది."

"కుంచె. నువ్వు వదిలినప్పుడే నడుస్తోంది. నువ్వు పీల్చినంతసేపూ ఆగుతోంది. మొదట్నుంచి చివరిదాకా అంతే. ఒకచోట నువ్వు టీ గుటక వేశావు చూడు. నువ్వు మింగేదాకా కుంచె కాగితం మీదికి రాలేదు."

ఆయన వింటూనే ఉన్నాడు. పెదాలు లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి. టీ గుటక దగ్గర ఉలిక్కిపడ్డాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసేసి, "నేనక్కడున్నానని మీ అమ్మకి తెలుసా?" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఒక పెద్దమనిషి మాట్లాడగా నేను వినలేదు.

"బొమ్మ అడుగున చూడు నాన్నా. ఆ గది లోపల్నుంచి తలుపు ఇలాగే కనపడుతుంది."

లేచి వెళ్లాడు. మోకాళ్ల మీద కూర్చుని, తెల్లగీతకి మొహం ఆనేంత దగ్గరగా వంగాడు. కాపలా అతను ముట్టుకోవద్దనడానికి నోరు తెరిచి మళ్లీ మూసేశాడు. నాన్న ఆ బొమ్మ ముందు నుంచి పక్క బొమ్మకి, అక్కణ్ణుంచి ఆ పక్కదానికి మోకాళ్ల మీదే వెళ్లాడు.

"బూట్లు," అన్నాడు. "నావి."

అప్పుడు ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు ఏడవని మనిషి, గోడ పట్టుకుని ఏడ్చాడు. "పిలిస్తే వెళ్లేవాణ్ణి కదా. ఒక్క మాట. ఇంత పెట్టుకుని తలుపెందుకు వేసుకుంది?"

"నాకు తెలియదు నాన్నా," అన్నాను. నిజంగానే తెలియదు. ఆ క్షణంలో అమ్మ ఎదురుగా ఉంటే భుజాలు పట్టి ఊపేసేదాన్ని. అంత ప్రేమని సిరాలో కలిపి కాగితాలకి పూసే బదులు, ఒక్క పొద్దున తలుపు తీసి ఆ టీలో సగం తాగితే ఏం పోయింది అని అడిగేదాన్ని.

నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. "తీసుంటే నేను మాట్లాడేవాణ్ణిలే," అన్నాడు. "మాటలు పెడితే నాకు నోరు ఊరుకోదు. ఆవిడ పని ఆగిపోయేది."

గ్యాలరీ ఆవిడ ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో కరపత్రం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. "నేను తప్పు రాశానా అండీ?" అంది.

"లేదమ్మా, బాగానే రాశారు," అన్నాడు నాన్న. "ఒకటి ఎడమకాలు, ఒకటి కుడికాలు. అంతే తేడా."

మూసే వేళయింది. కాపలా అతను మిషన్ కట్టేశాడు. ఊపిరి ఆగింది. ఆ నిశ్శబ్దంలో మేం నలుగురం కదలకుండా నిలబడ్డాం. అప్పుడు నాన్న ఊపిరి వదిలాడు, చివర్లో ఈలతో. "పద," అన్నాడు నాతో.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, రొట్టె రెండు ముక్కలు తిన్నాడు. మాత్రల డబ్బా ఎదురుగా పెడితే, ఏ పూటవి ఆ పూట ఏరుకుని మింగాడు. "మిగతావి అక్కడే ఉండనీ, పొద్దున వేసుకోవాలి," అన్నాడు. నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది.

తర్వాత టీ పెట్టించుకున్నాడు. గ్లాసు పట్టుకుని వెనక గది దాకా వెళ్లి, తలుపు ముందు ఆగాడు. బూట్లని కాలితో కొంచెం సర్దాడు. అప్పుడు గ్లాసు నా చేతికిచ్చి, తలుపు తీసుకుని లోపలికెళ్లాడు. ఆ గడప దాటడం ఆయనకి అదే మొదటిసారి. చీకట్లో వెతుక్కుని, చాప మీద అమ్మ కూర్చునే చోట తలుపుకెదురుగా కూర్చున్నాడు.

"నువ్వు బయట కూర్చో అమ్మడూ," అన్నాడు. "తలుపు వేసెయ్."

"నేనెందుకు నాన్నా?"

"ఊరికే. ఎలా ఉంటుందో చూడనీ."

తలుపు వేశాను. స్టూలు మీద కూర్చుంటే కిర్రుమంది. నా పాదాలు ఆయన బూట్ల పక్కన పెట్టుకున్నాను. చేతిలో టీ వేడిగా ఉంది. నేను అసహ్యించుకున్న తలుపు నా మొహానికి బెత్తెడు దూరంలో ఉంది, దాని చెక్క మీద, మనిషి తల ఆనించే ఎత్తులో, ఒకచోట రంగు అరిగి నున్నగా ఉంది. ఇన్నేళ్లుగా నేనది చూడలేదు.

అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టాను. లోపల ఏ చప్పుడూ లేదు. ఈల కూడా వినపడలేదు. భయం వేసింది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది గాని, తట్టకూడదన్న చిన్నప్పటి కట్టుబాటు నన్ను ఆపింది. ఇక పట్టలేక ఊపిరి వదిలేశాను.

లోపల, తలుపుకి దగ్గరగా, తడి కుంచె కాగితం మీద నడిచింది.

నాన్నకి బొమ్మలెయ్యడం రాదు. నీళ్లగిన్నె ఎండిపోయి ఉండటం నిన్న నా కళ్లతో చూశాను. నేను ఊపిరి పీల్చాను, కుంచె ఆగింది. ఎదురుచూస్తోంది. టీ చల్లారిపోతున్నా తాగలేదు, మింగినంతసేపు ఆగాల్సి వస్తుందని. తలుపుకి తల ఆనించి, నెమ్మదిగా, వీలైనంత పొడుగ్గా ఊపిరి వదిలాను.